ఏ నమ్మకం ఎవరికి తృప్తినిస్తుంది? దైవం, కర్మ, వైరాగ్యం, మానవవాదం పక్కపక్కన పెట్టి చూస్తే

దేవుణ్ని నమ్మినవాళ్లే సుఖంగా ఉంటారని కొందరు గట్టిగా చెబుతారు. కోరికలు తగ్గించుకున్నవాళ్లకే మనశ్శాంతి అని ఇంకొందరు. ఏ నమ్మకమూ లేనివాడికి ఏ బెంగా ఉండదని మరికొందరు. ఈ మూడు మాటలకీ సాక్ష్యంగా మనకు తెలిసిన మనుషులు దొరుకుతారు, మూడింటినీ కొట్టిపారేసే మనుషులూ దొరుకుతారు. కాబట్టి ఏది సత్యం అన్న చర్చలోకి ఇక్కడ వెళ్లను. దేవుడున్నాడో లేడో, మళ్లీ జన్మ ఉందో లేదో తేల్చడం ఒక వ్యాసం వల్ల అయ్యే పని కాదు. ఒక నమ్మకాన్ని పట్టుకుంటే బతుకులో ఏం మారుతుంది, అది ఎక్కడ అక్కరకొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నంతవరకే ఈ పోలిక.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, ఒప్పుకోనివాళ్లు అది గుర్తుపెట్టుకునే చదవొచ్చు. నమ్మకంలోని సిద్ధాంతం వల్ల వచ్చే తృప్తి మనం అనుకున్నదానికంటే తక్కువ. ఆ నమ్మకం చెడ్డ రోజున మనచేత ఏం చేయిస్తుంది, మనల్ని ఎవరి మధ్య కూర్చోబెడుతుంది అన్నదాని వల్లే ఎక్కువ తేడా వస్తుంది.

దీనికి నాకు బాగా నచ్చిన ఆధారం 2001లో వెలువడిన ఒక అధ్యయనం. అందులో ఉన్నది 180 మంది కేథలిక్ సన్యాసినులు. అందరిదీ ఒకే విశ్వాసం, ఇంచుమించు ఒకే దినచర్య. సగటున 22 ఏళ్ల వయసులో వాళ్లు రాసిన చిన్న ఆత్మకథలను పరిశోధకులు దశాబ్దాల తర్వాత బయటికి తీశారు. సంతోషం, కృతజ్ఞత, ఆశ లాంటి భావాలు ఎవరి రాతలో ఎన్నిసార్లు కనిపిస్తున్నాయో లెక్కపెట్టారు. కొందరి రాతల్లో అవి అడుగడుగునా ఉన్నాయి, కొందరివి వివరాలు మాత్రమే నింపిన దరఖాస్తులా పొడిపొడిగా ఉన్నాయి. ఆ భావాలు ఎక్కువగా ఉన్నవాళ్లు ఎక్కువ కాలం బతికారు. ఒకే దేవుణ్ని ఒకే పద్ధతిలో కొలిచినవాళ్ల మధ్యే ఇంత తేడా ఉన్నప్పుడు, ఏ మతం మంచిది, ఏ వాదం గొప్పది అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతే మనకు కావలసిన జవాబు దొరకదు.

ముందు మీకు ఏది తక్కువైందో చూసుకోండి

సంతోషం గురించి పరిశోధకులు రెండు రకాలుగా అడుగుతారు. నిన్న ఎన్నిసార్లు నవ్వారు, ఎంత టెన్షన్ పడ్డారు అన్నది ఒకటి. మీ జీవితాన్ని మొత్తంగా చూసి 0 నుంచి 10 మెట్ల నిచ్చెన మీద ఏ మెట్టు దగ్గర ఉన్నారో చెప్పమనడం రెండోది. రెండింటికీ ఒకే జవాబు రావాలని లేదు. స్వీడన్‌లో లాటరీ గెలిచినవాళ్ల మీద 2020లో వచ్చిన పెద్ద అధ్యయనం ఈ తేడాను బాగా చూపించింది. పెద్ద మొత్తం గెలిచినవాళ్లకు జీవితం మీద తృప్తి పెరిగింది, ఆ పెరుగుదల ఏళ్ల తరబడి నిలిచింది కూడా. రోజువారీ సంతోషం మీద మాత్రం దాని ప్రభావం చాలా తక్కువ. అంతకుముందు 1978లో అమెరికాలో 22 మంది లాటరీ విజేతలతో చేసిన చిన్న అధ్యయనంలో, స్నేహితులతో కబుర్లు, పొద్దున్నే తినే టిఫిన్ లాంటి మామూలు సంగతుల్లో వాళ్లకు మిగతావాళ్లకంటే తక్కువ ఆనందం కలుగుతోందని తేలింది. మనసు దేనికైనా అలవాటు పడిపోతుంది. 'శాశ్వత ఆనందం' ఇస్తానని మాటిచ్చే ప్రతి నమ్మకమూ నిజానికి ఈ అలవాటు పడిపోవడంతోనే పోటీ పడుతోంది.

మీకు రోజులు బరువుగా గడుస్తున్నాయా, లేక రోజులు బాగానే గడుస్తూ మొత్తం జీవితానికే అర్థం లేదనిపిస్తోందా? మొదటి ఇబ్బందికి పనికొచ్చే నమ్మకం రెండోదానికి పనికి రాకపోవచ్చు.

దైవ విశ్వాసం

అంకెలు చూస్తే మొదట ముందుండేది ఇదే. 2019లో సర్వేలు చేసే ప్యూ సంస్థ ప్రచురించిన నివేదిక ప్రకారం అమెరికాలో ప్రార్థనలకు క్రమం తప్పకుండా వెళ్లేవాళ్లలో 36 శాతం 'చాలా సంతోషంగా ఉన్నాం' అన్నారు. ఏ మతానికీ చెందనివాళ్లలో ఆ మాట అన్నది 25 శాతం. భక్తులు ఈ అంకెను చూసి మురిసిపోతారు. కానీ అదే నివేదికలో ఇంకో సంగతి ఉంది. మతం ఉంది అని చెప్పుకుంటూ ప్రార్థనలకు పెద్దగా వెళ్లనివాళ్లలోనూ ఆ శాతం 25 దగ్గరే ఉంది. అంటే ఇంట్లో కూర్చుని నమ్మితే వచ్చే లాభం ఈ లెక్కలో కనబడటం లేదు.

ఎందుకో 2010లో లిమ్, పట్నమ్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు కొంత తేల్చారు. ప్రార్థనా స్థలానికి తరచూ వెళ్తూ, అక్కడ దగ్గరి స్నేహితులను సంపాదించుకున్నవాళ్లకే జీవితం మీద తృప్తి ఎక్కువ. తరచూ వెళ్తున్నా అక్కడ స్నేహితులు లేనివాళ్లకు ఆ లాభం దక్కలేదు. ఇది విని కొందరు భక్తులు నొచ్చుకుంటారు. నాకైతే ఇది విశ్వాసాన్ని చిన్నబుచ్చే మాటలా అనిపించదు. ఒకే భావంతో నలుగురూ ఒకచోట చేరి, కష్టమొస్తే ఒకరి గుమ్మం ముందు ఒకరు నిలబడటం చాలామందికి మతం వల్లే అలవాటైంది. అంత నమ్మకంగా మనుషులను కలిపి కూర్చోబెట్టే వేరే ఏర్పాటు ఎంతమందికి ఉంది?

ఉండే చోటును బట్టి కూడా లెక్క మారుతుంది. 2011లో డీనర్, టే, మయర్స్ చేసిన అధ్యయనంలో ఆకలి, అభద్రత ఎక్కువగా ఉన్న దేశాల్లో మతవిశ్వాసం ఉన్నవాళ్లు లేనివాళ్లకంటే మెరుగ్గా ఉన్నారు. బతుకు భద్రంగా ఉన్న దేశాల్లో ఇద్దరి మధ్యా పెద్ద తేడా కనిపించలేదు. ప్రపంచ సంతోష నివేదికలో 2018 నుంచి ఏటా మొదటి స్థానంలో ఉంటూ వచ్చిన ఫిన్లాండ్‌లో వారం వారం ప్రార్థనకు వెళ్లేవాళ్లు తక్కువే. ఆసుపత్రి ఖర్చు, ఉద్యోగం పోతే గడిచే దారి, ముసలితనంలో ఆసరా అన్నీ ఎవరో ఒకరు చూసుకుంటున్నప్పుడు ఆ పని దేవుడికి అప్పగించాల్సిన అవసరం తగ్గుతుంది కాబోలు.

ఇక రెండో వైపు. అదే విశ్వాసం మనిషిని కుంగదీయగలదు కూడా. 2001లో పార్గమెంట్ బృందం ఆసుపత్రిలో చేరిన 596 మంది పెద్ద వయసు రోగులను రెండేళ్లు గమనించింది. 'దేవుడు నన్ను వదిలేశాడా', 'దేవుడికి నా మీద ప్రేమ లేదా' అని మథనపడినవాళ్లలో చనిపోయే ప్రమాదం మిగతావాళ్లకంటే ఎక్కువగా తేలింది. వీళ్లు నాస్తికులు కారు, నమ్మినవాళ్లే. జబ్బు పడితే 'ఆయన నాతో ఉన్నాడు' అనుకునేవాడికీ 'ఆయన నన్ను శిక్షిస్తున్నాడు' అనుకునేవాడికీ దేవుడు ఒకడే అయినా రాత్రులు మాత్రం ఒకలా గడవవు.

కాబట్టి ఈ దారి ఎంచుకునేవాళ్లు తమను తాము అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. తప్పు చేసినప్పుడు మీ దేవుడి దగ్గరికి వెళ్లాలనిపిస్తుందా, ఆయన నుంచి దాక్కోవాలనిపిస్తుందా? దాక్కోవాలనిపిస్తే, విశ్వాసం వదులుకోవాల్సిన పనిలేదు గానీ, ఆ దేవుడి బొమ్మను మీ మనసులో ఎవరు గీశారో ఒకసారి చూసుకోవడం మంచిది. చాలాసార్లు ఆ బొమ్మ వెనక చిన్నప్పుడు భయపెట్టిన ఒక పెద్దమనిషి ఉంటాడు.

కర్మ, విధి

'నాకే ఎందుకిలా' అన్న ప్రశ్న మనిషిని తినేస్తుంది. కర్మ సిద్ధాంతం ఆ ప్రశ్నకు తలుపు వేస్తుంది. జరిగింది జరిగింది, దానికో లెక్క ఉంది, ఆ లెక్క నాకు కనబడకపోవచ్చు అని అనుకోగలిగితే గుండె బరువు తగ్గుతుంది. ఆత్మీయులు పోయినప్పుడు ఈ మాట ఇచ్చే ఊరటను తక్కువ చేసి చూడకూడదు. ఎవరినీ తిట్టుకోకుండా, తనను తాను తిట్టుకోకుండా ఒక దుఃఖాన్ని దాటడం చిన్న విషయం కాదు.

ఇబ్బంది ఎక్కడంటే, ఈ నమ్మకాన్ని ఇతరుల మీద వాడటం చాలా సులువు. 1966లో లెర్నర్, సిమన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ఒక మహిళకు కరెంటు షాక్ కొడుతున్నట్టు చూసేవాళ్లకు అనిపించేలా ఏర్పాటు చేశారు, నిజానికి ఆమె నటిస్తోంది. ఆమె బాధను ఆపే వీలు లేనప్పుడు చూసేవాళ్లలో చాలామంది ఆమెనే తక్కువగా అంచనా వేయడం మొదలుపెట్టారు. లోకం న్యాయంగానే నడుస్తోందని నమ్మాలంటే, బాధపడేవాళ్లు ఏదో చేసి ఉండాలిగా మరి. 'వాడి ఖర్మ' అన్న మాటలో దాగి ఉన్నది ఇదే. ఆ మాట అన్నవాడికి మనసు కుదుటపడుతుంది, సాయం చేయాల్సిన పూచీ కూడా తప్పిపోతుంది.

తన విషయంలోనూ ప్రమాదం ఉంది. అన్నీ ముందే రాసిపెట్టి ఉన్నాయనుకునేవాడు డాక్టర్ దగ్గరికి ఆలస్యంగా వెళ్తాడు, కొట్టే మనిషితోనే కాపురం చేస్తాడు, రెండోసారి పరీక్ష రాయడు. 1976లో లాంగర్, రోడిన్ ఒక వృద్ధాశ్రమంలో చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తుకొస్తుంది. కొందరు వృద్ధులకు ఒక మొక్కనిచ్చి, దాని బాగోగులు వాళ్లనే చూసుకోమన్నారు, గదిలో ఏది ఎక్కడుండాలో వాళ్లనే నిర్ణయించుకోమన్నారు. మిగతావాళ్లకు అన్నీ సిబ్బందే చూసుకుంటారని చెప్పారు. మొదటి గుంపువాళ్లు ఎక్కువ చురుగ్గా, ఎక్కువ సంతోషంగా కనిపించారు. చేతిలో ఉన్నది ఒక మొక్కే అయినా అది తన చేతిలో ఉందన్న ఎరుక మనిషిని నిలబెడుతుంది.

నా సలహా ఇది: కర్మను నమ్మేవాళ్లు దాన్ని వెనక్కి చూడటానికి వాడుకోండి, ముందుకి చూసేటప్పుడు పక్కన పెట్టండి. మీ గతానికే వాడండి, ఎదుటివాళ్ల కష్టానికి అసలు వాడొద్దు. అసలు సిద్ధాంతం కూడా ఇప్పుడు చేసే పని రేపటిని మారుస్తుందనే చెబుతుంది. జనంలో అది చేతులు కట్టుకుని కూర్చోవడానికి సాకుగా ఎప్పుడు మారిందో గానీ, ఆ మారిన రూపమే ఇప్పుడు ఎక్కువ చలామణిలో ఉంది.

కోరికను తగ్గించే దారులు

ప్రాచీన గ్రీసులో పుట్టిన స్టోయిక్ తత్త్వం, బౌద్ధం, గ్రీకు తాత్త్వికుడు ఎపిక్యురస్ బోధ ఈ మూడింటినీ ఒక గాటన కట్టడం పండితులకు నచ్చకపోవచ్చు. ఎంచుకునేవాడి వైపు నుంచి చూస్తే మూడూ ఒకే మాట చెబుతున్నాయి: లోకాన్ని మార్చడంకంటే దాని మీద నీ పట్టును మార్చుకోవడం తేలిక.

స్టోయిక్కుల్లో బాగా గుర్తుండిపోయే ఇద్దరిలో ఎపిక్టీటస్ బానిసగా పుట్టాడు, మార్కస్ ఆరీలియస్ 161 నుంచి 180 వరకు రోమ్ చక్రవర్తి. ఒకడికి ఏమీ లేదు, ఇంకొకడికి లేనిది లేదు. ఇద్దరికీ ఒకే బోధ పనికొచ్చింది: మన ఆలోచన, మన ప్రయత్నం మన చేతిలో ఉన్నాయి, ఫలితం, పేరు, ఒంటి ఆరోగ్యం పూర్తిగా మన చేతిలో లేవు, మొదటివాటి మీదే మనసు పెట్టు. ఫలితం మీద ఆశ పెట్టుకోకుండా పని చేయమన్న మాట విన్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఈ దారికున్న గొప్ప బలం ఏమిటంటే, దేవుడు ఉన్నా లేకపోయినా పని చేస్తుంది. 20వ శతాబ్దంలో ఆల్బర్ట్ ఎల్లిస్, ఏరన్ బెక్ ఆలోచనల తీరును సరిచేసే చికిత్సా పద్ధతులను రూపొందించినప్పుడు ఈ పాత తత్త్వం నుంచే కొంత తీసుకున్నారు. డిప్రెషన్, ఆందోళనలకు ఆ చికిత్సలు ఈ రోజుకీ వాడుకలో ఉన్నాయి.

బౌద్ధం ఇంకొంచెం లోతుకి వెళ్తుంది. దుఃఖానికి మూలం తృష్ణ అంటుంది, దాన్ని చూడటానికి ధ్యానమనే పద్ధతిని చేతిలో పెడుతుంది. చెప్పి ఊరుకోకుండా చేయించే అభ్యాసం ఉండటం దీని మేలు. 1979లో జాన్ కబాట్-జిన్ మతపరమైన భాగం తీసేసి, దీర్ఘకాలపు నొప్పులతో బాధపడే రోగులకు ఈ ధ్యానాన్ని నేర్పడం మొదలుపెట్టాడు, అది ఆసుపత్రుల్లోకి విస్తరించింది. అయితే ధ్యానం అందరికీ పడదు. రోజుల తరబడి మౌనంగా కూర్చుంటే పాత గాయాలు పైకొచ్చి ఆందోళన పెరిగేవాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్లకు ఒంటరిగా కళ్లు మూసుకు కూర్చోవడంకంటే నలుగురితో కలిసి చేసే పని మేలు.

ఎపిక్యురస్‌ని భోగి అంటారు గానీ, ఆయన కోరింది తక్కువ అవసరాలు, మంచి స్నేహితులు, చావు భయం లేకపోవడం. అంతే.

ఈ దారుల్లో నాకు కనిపించే లోపం ఒకటే. అన్యాయం మన కళ్ల ముందు జరుగుతుంటే 'అది నా చేతిలో లేదు' అనుకోవడం చాలా సౌకర్యంగా ఉంటుంది. ఏది చేతిలో ఉందో, ఏది లేదో తేల్చేది మన పిరికితనం కాకూడదు. ఇంకో సంగతి: ఇంట్లో ఒకరు నిర్లిప్తంగా మారితే ఆయనకు శాంతి దొరకొచ్చు, పక్కనున్నవాళ్లకు మాత్రం గోడతో మాట్లాడుతున్నట్టుంటుంది. మీకు దొరికింది వైరాగ్యమో విసుగో మీ ఇంట్లోవాళ్లనే అడగండి.

నమ్మకం లేకపోవడమూ ఒక ఎంపికే

దేవుణ్ని నమ్మనివాడికి తృప్తి ఉండదన్నది ఉత్తమాట. కొన్ని అధ్యయనాల్లో మానసిక స్వస్థత ఒక వంపు గీతలా కనిపించింది. గట్టిగా నమ్మేవాళ్లు, గట్టిగా నమ్మనివాళ్లు ఇద్దరూ బాగానే ఉన్నారు, మధ్యలో ఊగిసలాడేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. భయంతో మొక్కుతూ, మొక్కినందుకు తనను తాను వెక్కిరించుకునే స్థితి అందరికంటే బరువైనది. నమ్మేదానికీ చేసేదానికీ పొత్తు కుదరకపోతే మనసు నలిగిపోతుందని లియోన్ ఫెస్టింగర్ 1957లోనే సిద్ధాంతీకరించాడు. అలాగని సందేహం వచ్చిన మరునాడే ఏదో ఒక గట్టున దూకేయాలని నేను అనను. సందేహంలో ఉన్నానని పైకి ఒప్పుకుంటే చాలు, సగం బరువు అక్కడే దిగుతుంది.

దేవుణ్ని కాకుండా మనిషినే నమ్ముకునే మానవవాది దగ్గర లేనిది ఓదార్పు మాట. పోయినవాళ్లు ఎక్కడో ఉన్నారని ఆయన చెప్పలేడు. లేనిది ఇంకోటి, వారానికోసారి తప్పనిసరిగా కలిసే జనం. పోయినవాళ్ల గురించి ఆయన చేయగలిగింది తక్కువే గానీ, జనాన్ని మాత్రం కూడగట్టుకోవచ్చు. రక్తదాన శిబిరమో, గ్రంథాలయమో, ఏదో ఒక సంఘమో ఉండి, తను రాకపోతే ఫోన్ చేసి అడిగే మనుషులు కావాలి. మతాన్ని వదిలి ఆ ఖాళీలో ఏమీ పెట్టనివాళ్లు, తర్వాత వచ్చిన ఒంటరితనాన్ని సత్యం తెలుసుకున్నందుకు కట్టిన మూల్యం అనుకుంటారు. అది మూల్యం కాదు, చేయకుండా వదిలేసిన పని.

ఈ రెండూ వద్దు

గట్టిగా కోరుకుంటే విశ్వం తెచ్చిస్తుందన్న నమ్మకం ఈ మధ్య బాగా అమ్ముడుపోతోంది. ఫామ్, టేలర్ 1999లో ప్రచురించిన ప్రయోగంలో మంచి మార్కులు వచ్చినట్టు ఊహించుకున్న విద్యార్థులు, ఎలా చదవాలో ఊహించుకున్నవాళ్లకంటే తక్కువ చదివారు, తక్కువ మార్కులూ తెచ్చుకున్నారు. బరువు తగ్గాలనుకున్న మహిళల మీద ఎటింగెన్, వాడెన్ 1991లో ప్రచురించిన అధ్యయనంలోనూ సన్నబడిపోయినట్టు తియ్యగా ఊహించుకున్నవాళ్లే తక్కువ తగ్గారు. దక్కకముందే దక్కినట్టు మనసు చల్లబడిపోతుంది. పైగా అనుకున్నది జరగకపోతే 'సరిగ్గా కోరుకోలేదు' అని నేరం మళ్లీ మన మీదికే వస్తుంది.

డబ్బొస్తే అన్నీ సర్దుకుంటాయన్నది కూడా నమ్మకమే, దానికి గుడి లేదు కాబట్టి మనం గుర్తించం. అవసరాలు తీరనివాళ్ల విషయంలో అది నిజమే, అక్కడ వాదన లేదు. కానీ జీవితంలో అన్నిటికంటే పైన డబ్బునే పెట్టుకున్నవాళ్లలో మానసిక స్వస్థత తక్కువగా ఉందని కాసర్, రయన్ 1993లో చూపించారు.

మరి మీకు ఏది?

ఆత్మీయులను పోగొట్టుకుని ఉంటే, దైవం గానీ కర్మ గానీ మీకు ముందునుంచీ అలవాటైతే వాటినే గట్టిగా పట్టుకోండి, కొత్త తత్త్వాలు నేర్చుకునే సమయం అది కాదు. ఉద్యోగంలో, చదువులో దెబ్బ తిని ఉంటే స్టోయిక్ దారి త్వరగా పనికొస్తుంది, అక్కడ కర్మ ఆలోచన చేతులు కట్టేస్తుంది. అన్నీ ఉండి కూడా ఇంకా కావాలన్న ఆరాటం తగ్గనివాళ్లు బౌద్ధం వైపు చూడొచ్చు. అన్నీ ఉన్నా బతుకు ఖాళీగా అనిపిస్తుంటే కోరిక తగ్గించుకోవడం వల్ల లాభం లేదు, ఇంకొకరికి పనికొచ్చే పనిలో దిగాలి. అది మతసేవ అయినా సరే, మానవవాదం పేరుతో అయినా సరే. చేసిన తప్పు వెంటాడుతుంటే, క్షమాపణకు చోటున్న నమ్మకం కావాలి. కొన్ని మత సంప్రదాయాలకు అందుకో పద్ధతి ఉంది, మిగతావాళ్లు బాధపెట్టిన మనిషి దగ్గరికే నేరుగా వెళ్లాలి.

కలిపి పట్టుకోవడంలో తప్పేమీ లేదు. చాలామంది నిజానికి అలాగే బతుకుతున్నారు. పొద్దున్న భక్తులు, ఆఫీసులో స్టోయిక్కులు, చావు ఇంట కర్మవాదులు. అది కపటమని నేననుకోను. ఒకే తాళంచెవితో ఇల్లంతా తెరవాలన్న పట్టుదలే విచిత్రం.

ఎంచుకున్నాక, కొన్ని నెలలు గడిచాక చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కోపం వచ్చాక తేరుకోవడానికి ముందుకంటే తక్కువ సమయం పడుతోందా? మీకంటే భిన్నంగా నమ్మేవాళ్లతో మాట్లాడగలుగుతున్నారా, లేక వాళ్లను చూస్తేనే చిరాకేస్తోందా? కష్టమొస్తే ఫోన్ చేయగల మనుషులు పెరిగారా, తగ్గారా? ఈ చివరిదానికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. 'ఇప్పుడు సంతోషంగా ఉన్నానా' అని రోజూ తడిమి చూసుకోవడం మాత్రం వద్దు. సంతోషానికి మరీ ఎక్కువ విలువ ఇచ్చేవాళ్లు, సంతోషించాల్సిన సందర్భంలోనే నిరాశ పడుతున్నారని 2011లో ఐరిస్ మాస్ బృందం చూపించింది.

మీ నమ్మకం ఇంట్లోవాళ్ల నమ్మకంతో కలవకపోతే వాళ్ల సమావేశాలకు పూర్తిగా దూరం కాకండి. నమ్మని మాటలు పలకాల్సిన పనిలేదు, పక్కన కూర్చుని వచ్చినవాళ్లను పలకరిస్తే సరిపోతుంది. ఇక రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, నిద్ర, ఆకలి దెబ్బతింటే, ఏ పని మీదా మనసు నిలవకపోతే, ఈ పోలికంతా పక్కన పెట్టి డాక్టర్‌ని కలవండి. అప్పుడు కొరవడింది నమ్మకం అయ్యే అవకాశం తక్కువ. 'నీకు భక్తి చాలడం లేదు', 'నువ్వు పాజిటివ్‌గా ఆలోచించడం లేదు' అని ఎవరైనా అంటే, ఆ మాట పట్టించుకోకుండా అపాయింట్‌మెంట్ తీసుకోండి.